రివర్స్ రాకపోతే డ్రైవింగ్ వచ్చినట్టు కాదు

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తరచూ అనే మాట ఒకటుంది. "కాస్త వెనకా ముందూ చూసుకోవాలిరా!" అని. ఈ మాటలో "వెనక" ముందొచ్చింది, "ముందు" వెనకొచ్చింది, గమనించారా? పొలం కొనేటప్పుడైనా, అప్పిచ్చేటప్పుడైనా, పిల్లనిచ్చేటప్పుడైనా మొదట వెనక చూసుకోమన్నారు. కారు నేర్చుకునేటప్పుడు మాత్రం మనం ఈ వరసని తిరగేశాం. మొదటిరోజు నుంచీ ముందుకే పరుగు. ఫస్టు, సెకండు, థర్డు, టాప్. రివర్స్ మాత్రం టెస్టుకి రెండు రోజుల ముందు, సిలబస్‌లో ఐదో యూనిట్ లాగా. ఐదో యూనిట్‌ని మనం ఎలా చదువుతామో నేను మీకు చెప్పక్కర్లేదు కదా.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మాన్యువల్ గేర్ల కారుని నిదానంగా, సురక్షితంగా వెనక్కి నడపడం రానివాళ్ళకి డ్రైవింగ్ వచ్చినట్టు కాదు, జేబులో లైసెన్సున్నా సరే. ఇది బంపర్ మీద సొట్టల గురించో, డోర్ మీద గీతల గురించో రాస్తున్న వ్యాసం కాదు. సొట్ట పడితే షెడ్డుకి తీసుకెళ్తే తీసేస్తారు. ఇంటి వాకిట్లో, "టాటా" చెప్పడానికి పరుగెత్తుకొచ్చిన రెండేళ్ళ పిల్ల వెనక చక్రం దగ్గర నిలబడి ఉంటే ఏ షెడ్డూ ఏమీ చెయ్యలేదు. అలాంటి వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. వాటిలో గుండె పిండేసే సంగతేమిటంటే, చాలాసార్లు స్టీరింగ్ ముందు కూర్చున్నది పరాయివాళ్ళు కాదు. ఆ పిల్ల నాన్నో, బాబాయో, మావయ్యో.

హైవే మీద జాగ్రత్తగా ఉండాలని అందరికీ తెలుసు. ప్రమాదం అక్కడే ఉంటుందని అనుకుంటాం కాబట్టి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మన బండి ఇంటి గేటు దగ్గర, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఊళ్ళో సందులో వెనక్కి వెళ్ళేటప్పుడే మనం ఏమరుపాటుగా ఉంటాం. "రెండడుగులే కదా" అనుకుంటాం.

మనకి నేర్పుతున్నదేంటి?

1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో డ్రైవింగ్ టెస్టులో ఏమేం చూడాలో రాసి ఉంది. బండిని వెనక్కి నడపడం, ఎడమకో కుడికో ఉన్న ఇరుకు జాగాలోకి అదుపు తప్పకుండా, తగినంత కచ్చితంగా రివర్స్‌లో తీసుకెళ్ళడం ఆ జాబితాలో ఉన్నాయి. అంటే చట్టం తన పని చేసింది. కాగితం మీద లోపం లేదు.

లోపం నేర్పే తీరులో ఉంది. డ్రైవింగ్ స్కూల్ బండిలో నేర్పే అన్న కాళ్ళ దగ్గర కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి. రోజుకి అరగంట క్లాసు. ట్రాఫిక్‌లో బండి ఆగిపోతే వెనకోళ్ళు హారన్ కొడతారని ఆయనే క్లచ్ తొక్కేస్తుంటాడు. మనం స్టీరింగ్ పట్టుకుని మనమే నడుపుతున్నాం అనుకుంటాం. ఇక టెస్టు దగ్గర పడగానే ట్రాక్ చిట్కాలు మొదలు. "ఈ రాయి అద్దంలో కనపడగానే ఫుల్ కట్ కొట్టు. ఆ గీత రాగానే స్ట్రెయిట్ చెయ్. ఒకటిన్నర రౌండ్ ఎడమకి." హెచ్ ట్రాక్ పాసైపోతాం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు సంతకం పెట్టేస్తారు. కానీ మనకొచ్చింది రివర్స్ కాదు, ఆ ట్రాక్ మాత్రమే. అదే బండిని మేనత్త వాళ్ళ ఊళ్ళో పాలకేంద్రం పక్క సందులోంచి వెనక్కి తియ్యమంటే ఆ రాయీ ఉండదు, ఆ గీతా ఉండదు. మనకి ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీ కొట్టి పాసైన సబ్జెక్టులో వైవా అడిగినట్టుంటుంది.

గేర్‌బాక్స్‌నే అడుగుదాం

మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి ఒకసారి గేర్‌బాక్స్ లోపలికి చూద్దాం. ఆటోమొబైల్ ల్యాబ్‌లో కోసి పెట్టిన గేర్‌బాక్స్ మోడల్ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ముందుకి వెళ్ళే గేర్లన్నింటికీ పళ్ళు ఏటవాలుగా ఉంటాయి. అవి ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. గేర్ మార్చేటప్పుడు వేగాలని సమానం చెయ్యడానికి సింక్రోమెష్ ఉంటుంది. రివర్స్ దగ్గరికొచ్చేసరికి చాలా బండ్లలో పాత పద్ధతే. పళ్ళు నిటారుగా ఉంటాయి. రెండు గేర్ల మధ్యలోకి ఐడ్లర్ అనే మూడో గేర్ జారుకుంటూ వచ్చి కూర్చుంటుంది. ఆ మూడోది మధ్యలో దూరడం వల్లే తిరిగే దిక్కు మారుతుంది. రివర్స్‌లో వచ్చే ఆ "గుయ్య్" మనే సన్నటి రాగం కూడా ఆ నిటారు పళ్ళదే.

దీంట్లోంచి వచ్చే మొదటి నియమం: బండి పూర్తిగా ఆగాకే రివర్స్ వెయ్యాలి. "కాస్త ముందుకి కదులుతోందిలే" అని వేస్తే కర్రుమంటుంది. ఆ శబ్దం పళ్ళు అరుగుతున్న శబ్దం. ఆగి, క్లచ్ నేలకంటా తొక్కి, ఒకటి రెండు సెకన్లు ఓపిక పట్టి వెయ్యాలి. అప్పటికీ పడకపోతే బలప్రయోగం అక్కర్లేదు. న్యూట్రల్‌కి తెచ్చి ఒకసారి క్లచ్ వదిలి మళ్ళీ తొక్కండి. లేదా ముందు ఫస్ట్ గేర్ వేసి తర్వాత రివర్స్ ప్రయత్నించండి. పళ్ళు సర్దుకుని మెత్తగా పడిపోతుంది.

రెండో సంగతి గేర్ ఉన్న చోటు. కొన్ని బండ్లలో రివర్స్ కుడి చివర కింద ఉంటుంది. కొన్నింట్లో ఎడమ చివర పైన, ఫస్ట్ గేర్‌ని ఆనుకునే ఉంటుంది. కొన్నింటికి రాడ్ మీదున్న రింగ్ పైకి లాగాలి, కొన్నింటికి రాడ్‌నే కిందికి నొక్కాలి. ఫ్రెండ్ బండో, అద్దె బండో తీసుకున్నప్పుడు ఇంజిన్ స్టార్ట్ చెయ్యకముందే ఒకసారి చూసుకోవాలి. గేర్ వేశాక కూడా నమ్మేయకూడదు. ఒక్క జానెడు కదిలించి, ఎటు కదిలిందో చూసి ఆపాలి. ఫస్ట్ అనుకుని రివర్స్‌లోనో, రివర్స్ అనుకుని ఫస్ట్‌లోనో బండి దూకిందంటే ముందున్న గోడకో వెనకున్న మనిషికో అది తేడా చూపించదు.

ఆరు కిలోమీటర్ల లెక్క

"రివర్స్‌లో స్పీడేం వెళ్తాం, మెల్లగానే కదా" అంటారు చాలామంది. సరే, లెక్క వేద్దాం. చిన్న పెట్రోల్ కారు తీసుకుందాం. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా ఇంజిన్ నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. రివర్స్ గేర్ నిష్పత్తి 3.3, ఫైనల్ డ్రైవ్ 4 అనుకుందాం. రెండూ కలిపితే 13 పైన. 800ని 13తో భాగిస్తే చక్రం నిమిషానికి దాదాపు 60 సార్లు తిరుగుతుంది. టైరు చుట్టుకొలత 1.8 మీటర్లు. అంటే నిమిషానికి సుమారు 108 మీటర్లు. గంటకి ఆరున్నర కిలోమీటర్లు. సెకనుకి 1.8 మీటర్లు.

మనిషి మామూలుగా నడిచేది గంటకి 5 కిలోమీటర్లు. అర్థమైందా? యాక్సిలరేటర్ మీద కాలే పెట్టకుండా క్లచ్ మొత్తం వదిలేస్తేనే బండి మనిషి నడక కంటే వేగంగా వెనక్కి పోతోంది. ఏదన్నా చూసి కాలు బ్రేక్ మీదకి వెళ్ళడానికి ఒక్క సెకను పట్టినా అప్పటికే దాదాపు రెండు మీటర్లు అయిపోయింది.

అందుకే చదును నేల మీద రివర్స్‌కి యాక్సిలరేటర్‌తో పనే లేదు. పనంతా ఎడమకాలిది. క్లచ్‌ని నెమ్మదిగా పైకి వదులుతుంటే ఒకచోట బండి సన్నగా వణికి కదలబోతుంది. మనోళ్ళు "హాఫ్ క్లచ్" అనేది దాన్నే. ఆ చోట కాలిని నిలిపి, వెంట్రుకవాసి పైకీ కిందికీ ఆడిస్తూ బండిని చీమ నడకలో తీసుకెళ్ళగలగాలి. సెకనుకి అర మీటరు. కుడికాలు ఎప్పుడూ బ్రేక్ మీదే, తాకీ తాకనట్టు.

"హాఫ్ క్లచ్‌లో నడిపితే క్లచ్ ప్లేట్ అరిగిపోదా?" అని మెకానికల్ మిత్రులు అడుగుతారు. అరుగుతుంది. గంటల తరబడి ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు పెట్టుకు కూర్చుంటే తప్పకుండా కాలిన వాసనొస్తుంది. కానీ పార్కింగ్‌లో పది పదిహేను సెకన్ల హాఫ్ క్లచ్‌కి అయ్యే అరుగుదల ఒక లెక్కా? క్లచ్ ప్లేట్ దొరికే వస్తువు. షాపులో దొరకనివి కొన్ని ఉన్నాయి, వాటి గురించే మనం మాట్లాడుకుంటోంది.

ఇక్కడ మాన్యువల్ బండికి ఒక గొప్ప సుగుణం ఉంది. కంగారు పడితే చెయ్యాల్సింది ఒక్కటే: రెండు కాళ్ళూ నొక్కెయ్. క్లచ్ తొక్కితే ఇంజిన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. కంగారులో కుడికాలు బ్రేక్ బదులు యాక్సిలరేటర్ మీద పడినా చదును నేల మీద ఇంజిన్ అరుస్తుంది తప్ప బండిని తోయదు. ఎడమకాలికి ఆ అలవాటు చేయిస్తే అది మన రెండో బ్రేకు లాంటిది. నేర్పే అన్న మన తరఫున క్లచ్ తొక్కేస్తుంటే పోయేది సరిగ్గా ఈ అలవాటే.

సెల్లార్ ర్యాంప్ దగ్గర మాత్రం లెక్క మారుతుంది. వెనక్కి పైకి ఎక్కాలంటే హ్యాండ్‌బ్రేక్ వేసి, హాఫ్ క్లచ్‌కి తెచ్చి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి, బండి పట్టు దొరికాక హ్యాండ్‌బ్రేక్ వదలాలి. వెనక్కి దిగేటప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కి ఉంచితే బండి ఇంజిన్ మాట వినదు, పల్లం మాట వింటుంది. అక్కడ బ్రేక్‌దే పెత్తనం.

కనపడని రెండున్నర మీటర్లు

ఇప్పుడు ఇంకో లెక్క. పదో తరగతి లెక్కే, సరూప త్రిభుజాలు. డ్రైవర్ కన్ను నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. వెనక అద్దం కింది అంచు 1 మీటరు ఎత్తులో, కంటి నుంచి 2.5 మీటర్ల దూరంలో ఉంది. అంటే చూపు ప్రతి మీటరుకీ 8 సెంటీమీటర్లు మాత్రమే కిందికి దిగుతోంది. ఆ గీతని అలాగే వెనక్కి పొడిగించండి. అది నేలని తాకేది కారుకి పన్నెండున్నర మీటర్ల వెనక! అంతవరకూ ఉన్న నేల ఆ అద్దంలోంచి మనకి కనపడదు.

మరి 80 సెంటీమీటర్ల ఎత్తున్న చిన్న పిల్ల? బంపర్ నుంచి రెండున్నర మీటర్ల లోపు ఎక్కడ నిలబడినా తల కూడా కనపడదు. కూర్చుని ఆడుకుంటుంటే, అర మీటరు ఎత్తు అనుకుంటే, ఆరు మీటర్ల దాకా కనపడదు. మన బండిని బట్టి, సీటు ఎత్తుని బట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. ఎత్తు డిక్కీ ఉన్న పెద్ద బండ్లలో పరిస్థితి ఇంకా కష్టం.

ఇప్పుడు ఈ రెండు లెక్కలూ కలపండి. కనపడని ఆ రెండున్నర మీటర్లు దాటడానికి క్లచ్ వదిలేసిన బండికి పట్టేది సెకనున్నర లోపే. సెకనుకి అర మీటరు చొప్పున వెళ్తే ఐదు సెకన్లు. ఐదు సెకన్లలో ఒక అమ్మ "ఆగండి!" అని అరవగలదు. పిల్ల పక్కకి తప్పుకోగలదు. సెకనున్నరలో ఎవరూ ఏమీ చెయ్యలేరు. నిదానమే ప్రధానం అన్నది మన పెద్దలు ఊరికే అన్న మాట కాదు, అంకెలు కూడా అదే చెబుతున్నాయి.

కాబట్టి రివర్స్ అనేది గేర్ రాడ్ దగ్గర మొదలవ్వదు. బండి బయట మొదలవుతుంది. ఎక్కేముందు బండి వెనకనుంచి ఒక చుట్టు తిరిగి రావడం. పది సెకన్ల పని. వెనక పిల్లలున్నారా, కింద కుక్క పడుకుందా, ఎవరన్నా చిన్న సైకిల్ పడేసి వెళ్ళారా అని చూసుకోవడం. ఇంట్లో చిన్నపిల్లలుంటే బండి కదిలేముందు వాళ్ళు ఎవరి చంకలో ఉన్నారో కళ్ళతో చూడడం. "లోపలే ఉన్నారులే" అన్న సమాధానం చాలదు. నా దృష్టిలో ఇది సలహా కాదు, విధి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో ఒకరి చావుకి కారణమైతే ఐదేళ్ళ వరకూ జైలు శిక్ష పడొచ్చు. పాత చట్టంలో అది రెండేళ్ళే. కానీ సొంత వాకిట్లో సొంత పిల్ల విషయంలో జైలు శిక్ష పెద్దదా చెప్పండి?

కెమెరా ఉంది కదా అంటే...

ఉంది. మంచిదే. మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారయ్యే కొత్త కార్లన్నింటికీ రివర్స్ పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి చేశారు. అమెరికాలో ఇంకో అడుగు ముందుకేసి 2018 మే నుంచి కొత్త కార్లకి, తేలికపాటి ట్రక్కులకి వెనక కెమెరానే తప్పనిసరి చేశారు. వెనక్కి వస్తున్న బండ్ల కింద పడి అక్కడ ఏటా సగటున 210 మంది చనిపోతున్నారని, 15,000 మంది గాయపడుతున్నారని ఆ నిబంధన తెచ్చినప్పుడు వాళ్ళ రోడ్డు భద్రతా సంస్థే చెప్పింది. కాబట్టి నేను కెమెరాకి వ్యతిరేకిని కాను. ఉన్నవాళ్ళు తప్పకుండా వాడండి.

నా గొడవల్లా కెమెరా వచ్చాక మెడ తిప్పడం మానేసినవాళ్ళతో. సెన్సార్ పంపేది మన చెవికి వినపడని శబ్ద తరంగం. అది దేనికన్నా తగిలి తిరిగొస్తేనే "బీప్". సన్నటి ఇనప చువ్వ, నేలకి దగ్గరగా ఉన్న రాయి, మెత్తటి బట్ట, వీటి మీంచి అది సరిగ్గా తిరిగి రాకపోవచ్చు. మురుగు కాలవ గొయ్యి దానికి అసలు తెలీదు. కెమెరా లెన్సు మీద ఒక వానచుక్క పడినా, ఊరెళ్ళొచ్చిన దుమ్ము పట్టినా తెర మీద మబ్బే. పైగా అది చూపించేది వెనకున్నది. పక్క సందులోంచి దూసుకొచ్చే స్కూటర్‌ని బాగా దగ్గరికి వచ్చేదాకా చూపించదు. ఇక బండి ముందు మూల సంగతి?

అదే చాలామంది మర్చిపోయేది. రివర్స్‌లో స్టీరింగ్ పైభాగం ఎటు తిప్పితే బండి వెనక భాగం అటు వెళ్తుంది. అంతవరకూ సులువే. కానీ ముందు భాగం దానికి ఎదురు దిక్కున బయటికి ఊగుతుంది. వెనక అద్దంలోకే చూస్తూ గేట్లోకి తిప్పుతుంటే ముందు బంపర్ వెళ్ళి గేటు స్తంభానికి రాసుకునేది అందుకే. చూపు ఒకచోట ఆగకూడదు. వెనక అద్దం, ఎడమ అద్దం, కుడి అద్దం, ముందు మూలలు, మళ్ళీ వెనక. కుడిచెయ్యి స్టీరింగ్ పైభాగంలో, ఎడమచెయ్యి పక్క సీటు వెనక, నడుం తిప్పి సొంత కళ్ళతో చూడాలి. కెమెరా సాయం పట్టేదే గానీ బాధ్యత తీసుకునేది కాదు.

ఇంకోటి కూడా ఉంది. ముందుకి వెళ్ళేటప్పుడు స్టీరింగ్ వదిలితే చక్రాలు వాటంతటవే తిన్నగా అవుతాయి, సూపర్ మార్కెట్ ట్రాలీ చక్రాల్లాగా. క్యాస్టర్ కోణం మహిమ. రివర్స్‌లో అదే కోణం మనకి ఎదురు తిరుగుతుంది. స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రాదు, వేగం పెరిగితే ఇంకా తిరిగిపోవాలని చూస్తుంది. తిన్నగా చెయ్యాల్సింది మనమే. రివర్స్‌లో వేగం వద్దనడానికి ఇదొక యాంత్రిక కారణం. సినిమాల్లో హీరో వంద స్పీడులో వెనక్కి నడుపుతాడంటే, తొడ కొడితే రైలే వెనక్కి వెళ్ళిన చోటు అది. మనకి ఆ సదుపాయం లేదు.

"రానియ్... రానియ్..."

మన దగ్గర రివర్స్ ఒక సామూహిక కార్యక్రమం. ఎక్కడినుంచో ఒకాయన వచ్చేస్తారు. "రానియ్ రానియ్ రానియ్... రైట్... కట్ కొట్టు... ఆ చాల్ చాల్!" ఆ "చాల్" అనేసరికి గోడ తగిలే ఉంటుంది. ఆయన మంచితనాన్ని నేను తప్పు పట్టట్లేదు. కానీ ఒక సంగతి: చాలాసార్లు ఆయన నిలబడేది సరిగ్గా బండి వెనకే, బండికీ గోడకీ మధ్య. డ్రైవర్‌కి కనపడని ఆ రెండున్నర మీటర్లలో.

ఆర్టీసీ వాళ్ళని చూడండి. బస్టాండ్‌లో ప్లాట్‌ఫాం నుంచి బస్సు వెనక్కి వస్తుంటే కండక్టర్ దిగి పక్కకి నిలబడి విజిల్ వేస్తుంటాడు. విజిల్ ఆగిందా, బస్సు ఆగుతుంది. ఎంత చక్కటి పద్ధతో! మనమూ అదే చేద్దాం. సాయం చేసేవాళ్ళు డ్రైవర్ వైపు పక్కగా, అద్దంలో కనపడేలా నిలబడాలి. డ్రైవర్ కిటికీ దించి, పాటలు ఆపాలి. సాయం చేసే మనిషి అద్దంలోంచి మాయమైతే, కారణమేదైనా సరే, బండి ఆగిపోవాలి. కనపడని మనిషి ఎక్కడన్నా ఉండొచ్చు.

ఎవరు "రానియ్" అన్నా బాధ్యత స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళదే. "వాచ్‌మన్ రమ్మన్నాడు" అన్నది జవాబు కాదు.

వెనకడుగంటే నామోషీ

నాకు తోచినంతలో అసలు జబ్బు గేర్‌బాక్స్‌లో లేదు, మనలో ఉంది. "వెనకడుగు వెయ్యను", "మడమ తిప్పను" అని చెప్పుకోవడం మనకి గొప్ప. వెనక్కి వెళ్ళేటప్పుడు రెండుసార్లు ఆగి, దిగి చూసుకుని, మళ్ళీ ముందుకి తీసి సర్దుకుంటే "వీడికి రివర్స్ రాదు" అని నవ్వుతారు. ఒకే ఊపులో పెట్టేస్తే "ఏం నడుపుతాడ్రా" అంటారు. తప్పు పట్టాల్సిన చోట చప్పట్లు, మెచ్చుకోవాల్సిన చోట నవ్వులు. అమ్మాయిల రివర్స్ మీద వాట్సాప్‌లో తిరిగే జోకులూ ఈ కోవలోవే. ఇంట్లో బండి తాళాలు ఎవరి చేతికి ఎక్కువసార్లు ఇస్తే వాళ్ళకి రివర్స్ వస్తుంది, అంతకుమించి ఇందులో మర్మం లేదు. దిగి చూసినవాళ్ళే మంచి డ్రైవరు. నాలుగుసార్లు సర్దుకుని పెట్టినా గీత పడకుండా, ఎవరికీ తగలకుండా పెట్టినవాళ్ళే మొనగాళ్ళు.

వెనకనుంచి హారన్ కొడతారంటారా? కొట్టనివ్వండి. మన బండి వెనక తెల్ల లైటు వెలుగుతోంది, అది చూసి ఆగాల్సింది వాళ్ళు. హారన్‌కి భయపడి క్లచ్ వదిలేయడం కంటే పిచ్చిపని లేదు.

దీనికి పూర్తి వ్యతిరేకం ఇంకో రకం. ఓఆర్ఆర్ మీద తాము దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోతే తాపీగా రివర్స్ వేసి వెనక్కొచ్చేవాళ్ళు. గంటకి 120 కిలోమీటర్లతో వచ్చే బండి సెకనుకి 33 మీటర్లు వస్తుంది. వంద మీటర్ల దూరంలో ఉందంటే మూడు సెకన్లలో మన మీద ఉంటుంది. బండి తిప్పుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి వెనక్కి నడపకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఉండేది. ఎగ్జిట్ పోతే పోయింది, తర్వాత ఎగ్జిట్ ఉంది. రివర్స్ బాగా రావడమంటే ఎక్కడ వెయ్యకూడదో తెలియడం కూడా.

"ఆటోమేటిక్‌లు, ఎలక్ట్రిక్ బండ్లు వచ్చేస్తున్నాయి, ఇంకా ఈ క్లచ్ గోలేంటి?" అని మీరు అడగొచ్చు. రానీండి. కానీ మన ఇళ్ళల్లో ఇప్పుడున్నవి, మనం మొదటి జీతంతో సెకండ్‌హ్యాండ్‌లో కొనబోయేవి చాలావరకు మాన్యువల్ బండ్లే. పైగా క్లచ్ పోయినా వెనక కనపడని నేల పోదు. దిగి చూసే అలవాటుకి గేర్లతో సంబంధం లేదు.

మనం ఏం చెయ్యొచ్చు?

పెద్ద ఉద్యమాలేం అక్కర్లేదు. మూడు చిన్న పనులు చాలు.

ఒకటి, మన కాలేజీ పార్కింగ్‌లో కార్లన్నీ వెనక్కి పెట్టే పద్ధతి తెద్దాం. అంటే వచ్చేటప్పుడు రివర్స్‌లో లోపల పెట్టి, వెళ్ళేటప్పుడు ముందుకి బయటికి రావడం. ఉదయం మనం వెనక్కి వెళ్ళేది ఖాళీ గడిలోకి, దాన్ని అప్పుడే చూసి ఉంటాం. సాయంత్రం బస్సుల కోసం వందలమంది నడిచే దారిలోకి వెనక చూడకుండా తియ్యడం కంటే అది ఎన్నో రెట్లు నయం. సెల్లార్‌లోనూ, ఇంట్లోనూ ఇదే సూత్రం.

రెండు, ఆదివారం పొద్దున గ్రౌండ్ ఖాళీగా ఉంటుంది. అనుమతి తీసుకుని నాలుగు ప్లాస్టిక్ కోన్‌లు, లేకపోతే నాలుగు ఖాళీ అట్టపెట్టెలు పెట్టుకుని సాధన చేద్దాం. లైసెన్సున్నవాళ్ళు, ఎల్ఎల్ఆర్ ఉండి పక్కన లైసెన్సున్న మనిషి ఉన్నవాళ్ళు రావాలి. మొదట తిన్నగా వెనక్కి, యాక్సిలరేటర్ ముట్టకుండా. తర్వాత ఎడమకి, కుడికి. చివరగా ఒక పెట్టెని బండి వెనక మెల్లగా జరుపుకుంటూ వెళ్ళి, సీట్లో కూర్చున్నవాళ్ళకి అది ఎక్కడ మాయమైందో, మళ్ళీ ఎక్కడ కనపడిందో సున్నంతో గీత గియ్యండి. పైన నేను వేసిన లెక్క కంటే ఆ గీతే ఎక్కువ నేర్పుతుంది.

మూడు, ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మన నాన్నలకీ, అన్నయ్యలకీ, వదినలకీ ఈ సంగతి చెబుదాం. ముప్పై ఏళ్ళుగా నడుపుతున్నవాళ్ళకి మనం చెప్పడమేంటని మొహమాటపడొద్దు. "నాన్నా, బండి తీసేముందు ఒక్కసారి వెనక చూసొస్తా, ఆగు" అని మనమే దిగి చూడొచ్చు. అలా రెండుమూడుసార్లు చూస్తే నాలుగోసారి ఆయనే ఆగి అడుగుతారు, "వెనక చూశావా?" అని.

ఆ ప్రశ్న మన ఇళ్ళల్లో అలవాటైతే చాలు. తాళాలు ఎక్కడున్నాయని ఎలా అడుగుతామో, గేటు వేశారా అని ఎలా అడుగుతామో, అలాగే.